చేతికి ఇవ్వని చాయ

ముందుగా ఒక ఫిర్యాదు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను పై ఆఫీసుకు రాసిన ఉత్తరాల నకళ్లు మా ఇంట్లో రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. వాటికి వచ్చిన జవాబులన్నీ కలిపితే ఒక పెళ్లి పత్రిక కవరులో పడతాయి. రిటైరయ్యాక కూడా పదకొండు రాశాను, అన్నీ రిజిస్టర్డ్ పోస్టులో. అందినట్టు సంతకం పెట్టిన కార్డులు నాకు తిరిగి వచ్చాయి కాబట్టి అందలేదనడానికి వీల్లేదు. చదివామని ఒక ముక్క రాయడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. అందుకే ఇక్కడ, నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

నేను ఒక బీమా కంపెనీలో యాక్సిడెంట్ క్లెయిముల మీద విచారణ చేసేవాణ్ణి. మొదట జనగామ బ్రాంచి. తరువాత మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పని కూడా నా మీదే పడింది. ఎక్కడో ఒక కారు ఎవరికో తగులుతుంది. తగిలిన మనిషి పరిహారం అడుగుతాడు. కారుకు మా బీమా ఉంటే ఇచ్చేది మేము. నిజంగా తగిలిందా, తగిలితే ఎంత తగిలింది అని వెళ్లి చూసి రిపోర్టు రాయడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇది చదివితే మంచిదే. శిక్షణలో వాళ్లకు చెప్పనిది ఇందులో ఉంది. నాకు పేరు తెచ్చేది మాత్రం ఏమీ లేదు.

ఒక పాత అవమానంతో మొదలుపెట్టాలి. హైదరాబాదులో ఏటా మాకు సమావేశం జరిగేది. ఒక ఏడు నేను లేచి, చిన్న చిన్న తాకుళ్లకు పెద్ద పెద్ద మెడనొప్పులు పుట్టుకొస్తున్నాయని చెప్పబోయాను. "గిట్లయితే మనం మునుగుతం సార్" అన్నాను. వేదిక మీద ఉన్న పెద్దాయన, కోస్తా వైపు మనిషి, పక్కాయన దిక్కు తిరిగి, "ఈయన చెప్పింది ఎవరైనా తెలుగులోకి మార్చి చెప్పండయ్యా" అన్నాడు. హాలంతా నవ్వింది. ఏ వరుసలో ఎవరు నవ్వారో ఈ రోజుకీ చెప్పగలను. ఆనాటి నుంచి ఆఫీసు పనిలో మా ఇంటి మాట మానేశాను. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడటం నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నదీ ఆ నేర్చుకున్న భాషే.

నేను చెప్పబోయింది అబద్ధం కాదు. అంతకు ముందే ఘనపూర్‌లో ఒక కేసు వచ్చింది. సంత దగ్గర ఒక కారు వెనక్కి వస్తూ ఆగి ఉన్న ఆటోకు తగిలింది. ఆటో అద్దం కూడా పగల్లేదు. లోపల కూర్చున్న ముగ్గురికీ మెడలు పోయాయని క్లెయిములు వచ్చాయి. చెప్పకుండా వెళ్లాను. మొదటి ఇంట్లో మనిషి మెడకు పట్టీ పెట్టుకుని కూర్చున్నాడు. పట్టీ కుడి అంచున పసుపు మరక. అరగంట తరువాత పక్క వాడలో రెండో మనిషి దగ్గరికి వెళ్తే, ఆయన మెడకూ పట్టీ ఉంది. అదే మరక, కాకపోతే ఎడమ అంచున. తొందరలో తిరగేసి పెట్టుకున్నాడు.

"ఎట్లుంది నొప్పి?" అని అడిగాను.

"మెడ తిరుగుతలేదు సార్. అచ్చం కట్టె లెక్క అయింది" అన్నాడు. అని, వెనక్కి పూర్తిగా తిరిగి, "ఏమే, సార్‌కు మంచినీళ్లు తే" అని భార్యను కేకేశాడు.

మూడో ఇంటికి వెళ్లేసరికి మూడో మనిషి వాకిట్లో నిలబడి ఉన్నాడు, పట్టీ ఇంకా అందక. ఇదంతా ఆరు పేజీల్లో రాసి పంపాను. పైనుంచి ఒక్క వాక్యం వచ్చింది: చిన్న కేసు, రాజీ చేసి మూసేయండి. మూసేశారు. ముగ్గురికీ ఇచ్చారు.

ఆ రోజుల్లో నా మాట వినేది మా ఆఫీసు అటెండర్ ఒక్కడే. జనగామ మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. వాళ్ల తమ్ముడికి ఒక ఆటో ఉండేది. ఏటా బీమా కట్టే నెల వచ్చిందంటే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

"సాబ్, మా తమ్ముడు పదేండ్ల సంది ఆటో నడుపుతున్నడు. మనిషిని కాదు, కోడిని సుత తాకిచ్చిన పాపాన పోలే. ఏటేటా బీమా ఎందుకు పెరుగుతున్నది? ఎవని మెడ నొప్పికి మేం కడుతున్నం?"

"ఘనపూర్‌లో ముగ్గురి మెడనొప్పికి" అన్నాను.

"పట్టీ ఒకటే గద సాబ్. ఒక్క మెడకే ఇయ్యమని రాయకపోయిండ్రా?" అన్నాడు.

తరువాత కొత్త మేనేజరు వచ్చాడు. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు. వచ్చిన వారానికే నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. అటెండర్ టీ తెస్తే, తానే లేచి కప్పు అందుకుని నా చేతికి ఇచ్చాడు. ఆయన టేబుల్ మీద నా పాత ఉత్తరాలున్నాయి, దుమ్ము దులిపి. "ఇంత మంచి పరిశీలన ఇన్నాళ్లు బీరువాలో పెట్టడం మా తప్పు సార్" అన్నాడు. నేను ఆ కప్పు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. టీ తాగడం మర్చిపోయాను.

దొంగ క్లెయిమును పట్టుకునే గుర్తులు రాసి ఇమ్మన్నాడు. అయిదు రాశాను. మొదటి రెండు చాలు ఇక్కడ. ఒకటి, పోలీసు ఫిర్యాదు ఆలస్యంగా ఇవ్వడం. నిజంగా దెబ్బ తగిలినవాడు అదే రోజు వెళ్తాడు కదా అని నా తర్కం. రెండు, తమకు ఏ దెబ్బలూ తగల్లేదని అవతలివాళ్లకు ముందే కాగితం రాసిచ్చి ఉండటం. ఏ రెండు గుర్తులు కలిసినా ఫైలుకు ఎర్ర చీటీ అంటించాలి. ఆ ఇంటివాళ్ల పేర్లు ఒక జాబితాలోకి ఎక్కాలి. ఆ జాబితా అన్ని బ్రాంచీలవాళ్లూ చూడాలి. ఇదీ నా పథకం.

పై ఆఫీసు దాన్ని అచ్చు వేసి మూడు జిల్లాలకు పంపింది. కింద పేరు మేనేజరుది మాత్రమే ఉంది. నేను ఊరుకోలేదు. నాలుగు ఉత్తరాలు రాశాను. రెండో అచ్చులో నా పేరు కూడా వేశారు. ఆ కాగితం మీద నా పేరు ఉండి తీరాలని కొట్లాడినవాణ్ణి నేనే. దీన్ని గుర్తు పెట్టుకోండి.

ఆ ఏడు పత్తి ఏరుతున్న రోజుల్లో మహబూబాబాద్ దగ్గరి గూడూరు వైపు నుంచి ఒక ఫైలు వచ్చింది. అడవి అంచున ఒక తండా. మొగుడూ పెళ్లాం మోటారు సైకిల్ మీద పోతుంటే, మలుపు దగ్గర వెనకనుంచి ఒక కారు తగిలింది. ఇద్దరూ పడి, ఇద్దరూ లేచారు. రక్తం లేదు. కారుకు నిమ్మకాయంత సొట్ట. క్లెయిము భార్యది: మెడ, కుడి చేయి. పోలీసు ఫిర్యాదు ఇరవై ఆరో రోజున ఇచ్చారు. దానికి ముందు తేదీతో, ఏ దెబ్బలూ తగల్లేదని వేలిముద్రలతో ఒక తెల్ల కాగితం కారు యజమాని దగ్గర ఉంది. నా మొదటి రెండు గుర్తులూ పక్కపక్కనే కూర్చున్నాయి. వెళ్లకముందే ఎర్ర చీటీ అంటించాను.

తండాలో భర్త నాకు కుర్చీ వేసి, ప్లాస్టిక్ సంచిలోని కాగితాలు మంచం మీద పరిచాడు. ఆమె గడప దగ్గర నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి.

"పోలీసుల దగ్గరికి అదే రోజు ఎందుకు వెళ్లలేదు?" అని అడిగాను.

"పెద్దమనుషులు కూసున్నరు సారు" అన్నాడు భర్త. "కారాయన మంచిగనే మాట్లాడిండు. దవాఖాన ఖర్చంత నేనే పెట్టుకుంట, ఠాణాకు పోకుండ్రి, నా కారు గుంజుకుంటరు అన్నడు. సరే అన్నం."

"దెబ్బలు లేవని ఎందుకు రాసిచ్చారు?"

"గట్ల రాస్తెనే ఆయనకు ధైర్యమన్నరు. రాసింది వాళ్లే. మేం వేలు పెట్టినం. రెండుసార్లు దవాఖానకు తోల్కపోయిండు. ఇగ తర్వాత ఫోనే ఎత్తుతలేడు."

ఆమె తన మాట తాను చెప్పింది. "మొదలు మెడ గుంజింది సారు. పది దినాలకు చేయి తిమ్మిరెక్కింది. ఇప్పుడు వేళ్లు ముడుచుకుంటలేవు. మిరపకాయ తెంపరాదు."

"పది రోజుల తరువాతనా?" అని అడిగి, కింద గీత గీసి రాసుకున్నాను.

ఆమె లోపలికి వెళ్లి టీ గ్లాసుతో వచ్చింది. నా ముందు ఒక క్షణం నిలబడింది. భర్తతో వాళ్ల భాషలో ఏదో అంది. అతను కాగితాల్లో తల దూర్చి ఉన్నాడు, తిరగలేదు. ఆమె వంగి గ్లాసును నేల మీద, నా చెప్పుల పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నేను దాన్ని ముట్టుకోలేదు. మేనేజరు లేచి చేతికిచ్చిన కప్పు నా మనసులో ఇంకా వేడిగా ఉంది. ఇక్కడ చెప్పుల పక్కన. పైగా నా ముందే, నాకు తెలియని భాషలో నా గురించి ఏదో అనుకున్నారు. గూడూరు చేరేలోపే రిపోర్టు తయారైంది. క్లెయిమ్‌దారు ప్రవర్తన అమర్యాదగా ఉందని, విచారణకు సహకరించలేదని, మెడనొప్పి, చేతి తిమ్మిరి నాటకమని నా అభిప్రాయమని. నాటకం అన్న మాట మీద కాసేపు ఆలోచించాను కూడా. బాగుందనిపించి ఉంచాను.

వాళ్లు స్కాన్ కాగితం పెట్టారు. మెడలో నరం ఒత్తుకుందని అందులో ఉంది. అది ఏళ్ల తరబడి బరువులు మోసినా రావచ్చని మా తరఫు డాక్టరు రాశారు. రావచ్చు అన్న మాట చాలు మాకు.

ట్రిబ్యునల్లో సాక్ష్యాల రోజున మొదట ఆమెను పిలిచారు. తన మాటల్లో తాను చెబుతుంటే మా వకీలు నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. హైదరాబాదు హాల్లో నన్ను చూసి నవ్వినట్టే నవ్వాను. వాళ్లు కూర్చున్న వరుసలు గుర్తున్న నాకు, నేను ఏ వరుసలో కూర్చున్నానో ఆ రోజు తట్టలేదు.

తరువాత నన్ను బోనెక్కించారు. ఆమె వకీలు పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, దాని కోసమే కాగితాల కింద వెతికే రకం.

"మీది ఏ ఊరండీ?" అన్నాడు.

"బచ్చన్నపేట దగ్గర."

"చిన్న యాక్సిడెంట్లు అయితే మీ దిక్కు పెద్దమనుషులు కూసుంటరా?"

"కూర్చోవచ్చు."

"కూసున్నంక, దెబ్బలు తగిలినా తగల్లేదని కాగితం రాయించుకుంటరు. ఖర్చు పెట్టుకుంటామన్నవాళ్లకు అది భరోసా. ఈ పద్ధతి మీకు తెలుసా?"

నాకు తెలుసు. నాకు ఇరవై రెండేళ్లున్నప్పుడు మా పెద్దన్న ట్రాక్టర్ ట్రాలీ ఒక కూలీ మనిషి కాలు మీదికి ఎక్కింది. మా ఇంటి ముందే పెద్దమనుషులు కూర్చున్నారు. చదువుకున్నవాణ్ణని కాగితం నాతో రాయించారు. నాకు ఎటువంటి దెబ్బలు తగలలేదు, ఇది నా ఇష్టపూర్వకముగా రాసి ఇచ్చినది అని నా చేతివ్రాతలో ఉంది. ఆ మనిషి కట్టు కట్టిన కాలు చాపుకుని వేలిముద్ర వేశాడు. ముద్ర వేశాక వేలికి అంటిన సిరా తుడుచుకోవడానికి నేనే గుడ్డ ఇచ్చాను. మా అన్న మాట నిలబెట్టుకున్నాడు కాబట్టి ఆ కూలీ మనిషి ఠాణాకు పోలేదు. పోయి ఉంటే, నా గుర్తుల ప్రకారం ఆయనా దొంగే.

ఇదంతా బోనులో నిలబడి తలచుకున్నాను. అవునంటే నా రెండో గుర్తు పోతుంది. దాని వెనక మొదటిదీ పోతుంది. అచ్చులో నా పేరు పోతుంది. మేనేజరు మా వకీలు పక్కనే కూర్చుని నా వైపు చూస్తున్నాడు.

"తెలియదు" అన్నాను.

జడ్జిగారు రాయించారు. భర్త వంగి ఆమెకు ఆ మాట చెప్పాడు. ఆమె ఎడమ చేత్తో కొంగు సర్దుకుంది. కుడి చేయి ఒళ్లో ఉంది. అది కూడా చూశాను. చూడటం నా ఉద్యోగం కదా.

కేసు కొట్టేశారు. తీర్పులో నా రిపోర్టు ప్రస్తావన ఉంది. ఆఫీసులో నాకు శాలువా కప్పారు. అందరూ వెళ్లాక అటెండర్ కుర్చీలు సర్దుతూ అడిగాడు.

"ఖుషీగున్నరా సాబ్?"

"ఎందుకుండను?"

"గసొంటి కాగితాలు మీ దిక్కు రాయరా? మా వాడల నేనే రెండు రాసిన."

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

చూసుకున్నాడు. మరునాటి నుంచి నన్ను సాబ్ అనడం మానేసి సార్ అనడం మొదలుపెట్టాడు. నేను రిటైరయ్యేదాకా అంతే. ఆ ఏడు కూడా వాళ్ల తమ్ముడి ఆటో బీమా పెరిగింది. ఈసారి నా టేబుల్ దగ్గరికి రాలేదు.

మరి పట్టీ మనుషుల సంగతి? ఆ తరువాత ఘనపూర్ వైపు నుంచే ఇంకో మెడనొప్పి వచ్చింది. ఫిర్యాదు అదే సాయంత్రం, ఆసుపత్రి చీటీ అదే గంటలో, రాజీ కాగితం ఊసే లేదు. నా అయిదు గుర్తుల్లో ఒక్కటీ తగల్లేదు. పరిహారం గబగబా పోయింది. చట్టం తెలిసినవాళ్లు ఎన్నడూ ఆలస్యం చేయరు. ఆలస్యమయ్యేది ఎదుటివాడి మాట మీద ఆగినవాళ్లకే. నేను కట్టిన జల్లెడలో దొంగలు కిందికి జారిపోయారు, ఆగినవాళ్లు మాత్రం చిక్కారు.

ఇదంతా అప్పుడే అర్థమైందని చెప్పుకోలేను. పోయిన చలికాలంలో నా కుడి భుజం పట్టేసింది. షుగర్ ఉన్నవాళ్లకు అలా అవుతుందన్నారు. చేయి నడుము దాటి పైకి రాదు. ఒక మధ్యాహ్నం కరెంటు మీటరు చూసే మనిషి వచ్చి మంచినీళ్లు అడిగాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఎడమ చేత్తో గ్లాసు ముంచుకుని గడప దాకా వచ్చాను. ఇంటికొచ్చిన మనిషికి ఎడమ చేత్తో ఇవ్వబుద్ధి కాలేదు. కుడి చేయి లేవలేదు. గ్లాసు అరుగు మీద పెట్టాను. అతను గ్లాసును చూశాడు, నన్ను చూశాడు. "ఉండనీయండి సార్" అని తాగకుండానే వెళ్లిపోయాడు.

చేయి లేస్తలేదు బాబూ అని వెనకనుంచి చెప్పబోయాను. అప్పటికే అతను పక్కింటి గేటు తీస్తున్నాడు. ఆ గడప మీదే కూర్చుండిపోయాను. ఆమె చేతికి ఏమీ కాలేదని రుజువు చేయడానికి నేను వెళ్లిన రోజున, ఆ చేయి తన సాక్ష్యం తానే చెప్పింది. గ్లాసు నా చెప్పుల పక్కన పెట్టించి మరీ చెప్పింది. నేను దాన్ని అవమానాల ఖాతాలో రాసుకున్నాను.

వారం తరువాత గూడూరు దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో తండాకు వెళ్లాను. ఆమె గుర్తుపట్టింది.

"ఏంది సారు, మల్ల వచ్చినవ్? కేసు అయిపాయె గద."

ఎన్నో ఏళ్ల తరువాత విచారణకు వెళ్లిన ఇంట్లో మా ఇంటి మాట మాట్లాడాను. "ఆనాడు చాయ కింద పెట్టినవ్, యాదికున్నదా చెల్లె?"

జవాబు భర్త చెప్పాడు. "నువ్వు ఇయ్యి అని నాకే చెప్పింది సారు, మా మాటల. నేను కాగితాలు దేవులాడుకుంట ఇనలే. ఎడమ చేత్తోని ఎట్ల ఇస్తది?"

"నువ్వు బుక్కెడు సుత తాగలే" అంది ఆమె. "మా ఇంట్ల తాగవేమో అనుకున్న. గా చాయ పారబోసినంక నాకు ఏడుపొచ్చింది."

ఇన్నేళ్లలో నన్ను చిన్నచూపు చూసినవాళ్లందరినీ లెక్క పెట్టుకున్నాను. ఆ లెక్కలో నేను చూసిన చిన్నచూపు ఒక్కటి కూడా లేదు.

మిగతాది కూడా చెప్పాను. అలాంటి కాగితం నేనే రాశానని, కోర్టులో తెలియదన్నానని. భర్త లేచి నిలబడ్డాడు. "నీకు ఎర్కనే?" అన్నాడు. ఇంకోసారి అడిగాడు, అదే మాట. అవునన్నాను. అతను వాకిలి దాటి వెళ్లి వేపచెట్టు కింద అటు తిరిగి నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె మాత్రం తనకు కావలసింది తేల్చి చెప్పింది. "పైసలు పోతె పోయినయ్ సారు. చేయి సుత పోయినట్టే. నాటకమాడిన అని రాసినవట. మొన్న మా మరిది బండి మీదికెంచి పడి కాలిరిగితె, బీమాకు పోయిండు. మా ఇంటి పేరు జూసి, మీరు నాటకాలోళ్లు గద, పేరు మా కంప్యూటర్ల ఉన్నది అన్నరట. వాని కాలి బొక్క నిజంగ పలిగింది, నా తోని వాడు సుత దొంగయిండు. గా మాట నువ్వే రాసినవ్. నువ్వే కొట్టెయ్యి."

లోపలికి వెళ్లి టీ తెచ్చింది. ఎడమ చేత్తో. ఒక క్షణం నిలబడి, వంగి, నేల మీద పెట్టింది. నేను వంగి తీసుకుని తాగాను.

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. నా రిపోర్టు తప్పు, బోనులో నా మాట అబద్ధం, ఆమె పేరు, ఆ ఇంటివాళ్ల పేర్లు జాబితాలోంచి తీసేయండి అని. ఇదే విషయం మీద పదకొండు ఉత్తరాలు. ఒక్కసారి ఫోను వచ్చింది. గొంతు చిన్నది, మర్యాదగల పిల్ల. "ఆ ఫైలు క్లోజ్ అయింది సార్. మీరు రిటైర్ అయ్యారు కదా, ఆరోగ్యం చూసుకోండి" అంది. అది జవాబు కాదు, పై ఆఫీసువారూ. అబద్ధపు సాక్ష్యం చెప్పానని రాసినందుకు నా మీద కేసు పెడతామంటే పెట్టండి. కనీసం చదివారని తెలుస్తుంది.

నా పాత ఉత్తరాలు వందల్లో మీ బీరువాల్లో ఉన్నాయి. వాటిలో మీరు నమ్మి అమలు చేసింది ఒకే ఒక్కటి, అదే తప్పుది. దాన్ని అచ్చు వేయడానికి మీకు నెల పట్టలేదు. ఒక పేరు కొట్టేయడానికి ఎన్నాళ్లు కావాలి?

ఆమె పేరు మీ జాబితాలో ఇంకా ఉందా, తీసేశారా? అడిగేది ఇంతే. అవునో కాదో ఒక్క ముక్క రాయండి. నాకు రాయకండి, నాకు జవాబు ఇవ్వకపోవడం మీకు అలవాటే. ఆమెకు రాయండి. చిరునామా ఎర్ర చీటీ కిందే ఉంది, నా చేతివ్రాతలో. పోస్టులో వేసి ఊరుకోకుండా మీ మనిషి ఒకరు తండాకు వెళ్లి ఇచ్చి రండి. ఆమె టీ ఇస్తుంది. నేల మీద పెడుతుంది. తాగి రండి.